ప్రకృతి పాఠము: గుంట పోయినచో కప్ప యెక్కడికి పోవును?

తొలకరివాన పడినంతనే తోటకాలువలనుండియు, అడవియంచు మడుగులనుండియు కప్పల బెకబెకలు మన యిండ్లవరకు వినవచ్చును. యూరపునకు పడమట నున్న ఐర్లాండు ద్వీపమునందు సహజముగా నుండు కప్పజాతులు రెండే. వానిలో నొకటి నాటర్‌జాక్ అను గోదురుకప్ప. దాని కథ మనకును పనికివచ్చును.

ఇది ఆ దేశపు నైరృతిదిక్కున కెర్రీ మండలపు సముద్రతీరమున ఇసుకతిన్నెలలోను, పచ్చికబీళ్లలోను నివసించును. 1805లో దీనిని అక్కడ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దీని పొడవు సుమారు మూడంగుళములు. వీపునడుమ పసుపుచార యుండును. ఇది గంతులు వేయుటకంటె ఎలుకవలె పరుగెత్తుట యెక్కువ.

గ్రుడ్లు పెట్టుటకు దీనికి లోతైన చెరువు పనికిరాదు; లోతులేని గుంట కావలెను. అందలి నీరు ఎండకు త్వరగా వేడెక్కుటచే తోకపిల్లలు వేగముగా పెరుగును. అప్పుడప్పుడు గుంట యెండుటచే వానిని తిను చేపలు అందు నిలువవు. అయితే మరీ ముందుగా ఎండినచో పిల్లలన్నియు చచ్చును.

పూర్వము రైతులు భూమిని బాగుచేయుటకై కాలువలు త్రవ్వి యిట్టి గుంటల నీటిని తీసివేసిరి. పశువులు మేయని చోట్ల గడ్డియు పొదలును పెరిగి మిగిలిన గుంటలను మూసివేసెను. కప్పలు క్షీణించెను.

2008 మొదలు ప్రభుత్వపు వన్యప్రాణిశాఖవారు రైతులకు సొమ్మిచ్చి, వారి పొలములలోనే ఇంచుమించు నూరు గుంటలు త్రవ్వించిరి. గడ్డి పెరుగకుండ పశువులను మేపుటయు రైతుల పనియే. అయినను అన్ని గుంటలకును కప్పలు రాలేదు. ఇల్లు కట్టినంతనే కాపురము కుదురునా? అందుచే కొన్ని గ్రుడ్లను కార్కు మండలములోని ఫోటా జంతువనమునకు కొనిపోయి, పిల్లలను పెంచి, తిరిగి కెర్రీలో విడిచిరి.

చూడుడు! గుంటను ఎండగట్టుటకు కొన్ని దినములు చాలును. పోయిన కప్పను మరల రప్పించుటకు ఏండ్లు పట్టును.

ఇంటిముంగిట మురుగు నిలిచినచో దోమలు పెరుగును. దానిని తీసివేయుట మంచిదే. అడవియంచు మడుగు మాట వేరు. అందు చెత్త పోయకుడు. పురుగులమందు డబ్బాలను కడుగకుడు. పురుగులను తిని మనకు మేలుచేయు కప్పకు ఆ మడుగే పుట్టినిల్లు.