మూడడుగులకో ఫైట్.. ఆ చిరాకు వెనక ఒక లెక్క ఉంది

పాత పోకెమాన్ గేమ్‌ను ఫోన్‌లో ఒక్కసారైనా ఆడి చూడనివాళ్లు ఇంజినీరింగ్ హాస్టళ్లలో తక్కువే. ఎమ్యులేటర్, లైసెన్సుల గొడవ వేరే చర్చ, దాన్ని ఇంకోసారి చూద్దాం. ఆడినవాళ్లందరికీ గుర్తుండే చోటు మాత్రం ఒకటుంది. గుహలోకి అడుగు పెడతారు. స్క్రీన్ ఒక్కసారి మెరుస్తుంది. జుబాట్ అనే గబ్బిలం ప్రత్యక్షం. దాన్ని ఓడించి నాలుగడుగులు వేస్తే ఇంకో జుబాట్. "అన్నా, ఎటు పోతున్ననో మర్చిపోయిన, గుహలనే ఫోన్ పక్కన పడేసిన" అన్నాడు వనపర్తి జూనియర్ ఒకతను. గద్వాల, నాగర్‌కర్నూల్ కుర్రాళ్లను కదిపినా దాదాపు ఇదే మాట. ఒక అమ్మాయి మాత్రం అడ్డం తిరిగింది. "ఏం వస్తదో తెల్వకపోవడమే గదా అన్నా మజా, ముందే కనబడితే ఇంకేముంది?" అంది.

దీన్నే 'రాండమ్ ఎన్‌కౌంటర్' అంటారు. నడుస్తుంటే కంటికి కనపడని శత్రువు ఉన్నట్టుండి యుద్ధానికి దిగడం. జపాన్ రోల్ ప్లేయింగ్ గేములు మొదలైన నాటి నుంచి దీని మీద ఆటగాళ్లు రెండు వర్గాలుగా కొట్లాడుకుంటూనే ఉన్నారు. ఉద్యోగాల పేజీలో ఈ గొడవేంటి అనుకోవద్దు. ఒక ఫీచర్ గురించి జనం ఏమంటున్నారో విని, అందులో అసలు సమస్యేంటో తేల్చి, దాన్ని అంకెల్లో పెట్టడం సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జీతం ఇచ్చి చేయించుకునే పని. దాన్ని నేర్చుకోవడానికి ఇంత కంటే మంచి ఉదాహరణ నాకైతే కనపడలేదు.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చూద్దాం. 1974లో వచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' అనే బల్ల మీద ఆడే ఆటలోనే పాచికలు వేసి దారిలో ఏ రాక్షసుడు ఎదురవుతాడో తేల్చే పద్ధతి ఉంది. 1981లో అమెరికాలో వచ్చిన 'విజార్డ్రీ' దాన్ని కంప్యూటర్‌కి ఎక్కించింది. ఆ ఆటల అభిమాని అయిన యూజీ హోరీ 1986 మేలో జపాన్‌లో 'డ్రాగన్ క్వెస్ట్' తెచ్చాడు. ఆ గేమ్ మొత్తం 64 కేబీల క్యాట్రిడ్జ్‌లో పట్టింది. మీరు రోజూ పొద్దున అందుకునే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా చాలాసార్లు అంతకంటే పెద్దదే ఉంటుంది. ఇంత చిన్న చోటులో, ఒకే వరుసలో ఎనిమిది చిన్న బొమ్మల కంటే ఎక్కువ చూపలేని ఫామికామ్ మెషీన్ మీద, మైదానం నిండా రాక్షసులను తిప్పడం చాలా కష్టం. కాబట్టి మైదానం ఖాళీగా ఉంచి, అడుగడుక్కీ తెర వెనక పాచిక వేశారు. పేదరికంలోంచి పుట్టిన ఉపాయం అన్నమాట. 1987 డిసెంబరులో 'ఫైనల్ ఫాంటసీ', 1996లో 'పోకెమాన్' అదే దారి పట్టాయి.

మరి ఆ ఇబ్బంది తీరిపోయాక కూడా ఇది ఎందుకు మిగిలింది? ఇక్కడి నుంచే ఆటగాళ్ల అభిప్రాయాలు పనికొస్తాయి. పైపైన వింటే అందరూ 'రాండమ్ ఎన్‌కౌంటర్ చెత్త' అన్నట్టే ఉంటుంది. కాస్త ఓపిగ్గా వింటే అవి నాలుగైదు వేర్వేరు ఫిర్యాదులు. ఒకడు దారి మర్చిపోతున్నా అంటాడు. అది మ్యాప్ సమస్య. ఇంకొకడు లోడింగ్‌కే సగం టైమ్ పోతోంది అంటాడు. 2000లో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 9' మీద ఈ మాట చాలా వచ్చింది. అందులో ఒక్కో యుద్ధం మొదలవ్వడానికే బాగా టైమ్ పట్టేది. అది సీడీ వేగం సమస్య. మూడో అతను నా లెవెల్ ఇంత పెరిగాక కూడా ఈ గబ్బిలాలతో నాకేం పని అంటాడు. అది బహుమతి సమస్య. ఒక్క యుద్ధమైనా కొత్తగా ఉందా అంటాడు నాలుగో అతను. అది వెరైటీ సమస్య. వీటిలో ఏ ఒక్కటీ నేరుగా 'రాండమ్' మీద కాదు. కనిపించే శత్రువులను పెట్టినా ఈ నాలుగూ అలాగే ఉండొచ్చు.

నిజంగా రాండమ్ మీద వచ్చే ఫిర్యాదు ఒక్కటే: "ఇది మోసం. నన్ను కావాలని ఏడిపిస్తోంది."

దీన్ని లెక్కలో పెట్టి చూడండి, ఆసక్తిగా ఉంటుంది. సగటున 30 అడుగులకు ఒక యుద్ధం రావాలని మీరు అనుకున్నారు. తేలిక దారేంటి? ప్రతి అడుగుకూ 30లో 1 వంతు అవకాశం ఇవ్వడం. సగటు సరిగ్గా 30 వస్తుంది, ఉద్యోగం అయిపోయింది అనుకుంటారు. కానీ యుద్ధం ముగిసిన వెంటనే నాలుగడుగుల్లోపే ఇంకో యుద్ధం వచ్చే అవకాశం దాదాపు 12.7 శాతం. అంటే ఎనిమిది సార్లలో ఒకసారి. అటు వైపు, 60 అడుగులు నడిచినా ఏమీ రాకుండా ఉండే అవకాశం 13 శాతం. ఆటగాడికి ఆ ప్రశాంతమైన 60 అడుగులు గుర్తుండవు. నాలుగడుగుల్లో రెండో గబ్బిలం మాత్రం జన్మంతా గుర్తుంటుంది. సగటు తప్పు కాదు, ఆటగాడి కోపమూ తప్పు కాదు.

ఇప్పుడు ఆర్‌పీజీ మేకర్ అనే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో చూడండి. సొంతంగా ఇలాంటి గేములు చేసుకునేవాళ్లు వాడే జపాన్ టూల్ అది. దాని ఎంవీ వెర్షన్‌లో, ప్రతి యుద్ధం తర్వాత 0 నుంచి 29 దాకా ఒక అంకె, మళ్లీ 0 నుంచి 29 దాకా ఇంకో అంకె తీసి, రెండూ కూడి, 1 కలుపుతుంది. అన్ని అడుగుల తర్వాతే తర్వాతి యుద్ధం. రెండు పాచికలు వేస్తే 2, 12 అరుదుగా, 7 ఎక్కువగా పడినట్టే ఇక్కడ కూడా మధ్య అంకెలే ఎక్కువ పడతాయి. సగటు మళ్లీ 30. కానీ నాలుగడుగుల్లోపు యుద్ధం వచ్చే అవకాశం 900లో 10, అంటే 1.1 శాతమే. 59 అడుగులు దాటి ఖాళీగా తిరగడం అసలు కుదరదు. పొదల్లో నడిస్తే ఒక్క అడుగు రెండడుగుల కింద లెక్క, అది వేరే ముచ్చట. ఒక్క లైన్ కోడ్ మారింది, సగటు మారలేదు, చిరాకు మాత్రం పదో వంతుకు దిగింది. 'ఫైనల్ ఫాంటసీ 7' ఇంకో దారి పట్టింది. అడుగు అడుగుకూ ప్రమాదం విలువ పెంచుకుంటూ పోతుంది, యుద్ధం కాగానే దాన్ని సున్నా చేస్తుంది.

మన ఊళ్లల్ల పచ్చీసు, అష్టా చమ్మా ఆడినప్పుడు ఈ 'మోసం' మాట ఎందుకు తక్కువగా వినిపిస్తుందో ఆలోచించారా? గవ్వలు అందరి ముందూ పడతాయి. నాలుగు గవ్వలూ బోర్లా పడితే అష్టా. అది పడకపోతే మన చేతిని తిట్టుకుంటాం తప్ప ఆటను తిట్టం. వీడియో గేమ్ మాత్రం గవ్వలను దుప్పటి కింద వేసి, ఫలితం మాత్రం చెబుతుంది. కనపడని పాచిక మీద అనుమానం సహజం. ఈ సంగతి కొందరు డిజైనర్లకు బాగానే తెలుసు. 2007లో వచ్చిన 'ఎట్రియన్ ఒడిస్సీ'లో స్క్రీన్ మూల రంగు మారే గుర్తు ఒకటి ఉంటుంది. అది ఎర్రబడిందంటే యుద్ధం దగ్గర పడిందని అర్థం. ఎప్పుడన్నది కచ్చితంగా చెప్పదు, సైగ మాత్రం చేస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అతి తెలివైన జవాబు అదే.

మిగతావాళ్లూ ఊరికే లేరు. 'మదర్ 2'లో (1994) శత్రువులు ముందే కనిపిస్తారు, మరీ బలహీనులైతే యుద్ధం లేకుండానే గెలుపు మీది. పైన చెప్పిన మూడో అతని బాధ తీరింది. 'క్రోనో ట్రిగ్గర్' (1995) శత్రువులను మ్యాప్ మీదే నిలబెట్టింది. 'వైల్డ్ ఆర్మ్స్ 2'లో (1999) యుద్ధానికి ముందు తల మీద ఆశ్చర్యార్థకం వస్తుంది, బటన్ నొక్కి తప్పించుకోవచ్చు. 'బ్రేవ్లీ డిఫాల్ట్' (2012) ఏకంగా యుద్ధాల రేటును తగ్గించుకునే, పెంచుకునే మీటను మీ చేతికే ఇచ్చింది. ఇక పోకెమాన్ 2018లో 'లెట్స్ గో'తో అడవి ప్రాణులను బయటికి తెచ్చింది, 2022 నాటి 'స్కార్లెట్, వయొలెట్'లో అన్నీ కళ్ల ముందే తిరుగుతాయి.

మరి సమస్య తీరిపోయినట్టేనా? ఆ నాగర్‌కర్నూల్ అమ్మాయి మాట మళ్లీ చూడాలి. మన్ననూరు దాటి నల్లమల ఘాట్ రోడ్డెక్కిన బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఎందుకు కొట్లాడతాం? ఏదో ఒకటి కనపడొచ్చు అనే కదా. ఎక్కువసార్లు కోతులే కనపడతాయి. అయినా చూపు తిప్పం. రాండమ్ ఎన్‌కౌంటర్‌ను ఇష్టపడేవాళ్లు చెప్పేది ఇదే. ఇంకో గట్టి వాదన కూడా ఉంది. గుహ అంటే భయం ఎక్కడి నుంచి రావాలి? చేతిలో మూడే మందు సీసాలు మిగిలాయి, బయటికి ఇంకా చాలా దూరం, ఎన్ని యుద్ధాలు వస్తాయో తెలీదు. ముందుకెళ్లాలా, వెనక్కి తిరగాలా? శత్రువులంతా కళ్ల ముందు ఉండి, పక్క నుంచి తప్పించుకోగలిగితే ఈ ప్రశ్నే రాదు. అందుకే 2018లో వచ్చిన 'ఆక్టోపాత్ ట్రావెలర్' కూడా పాత పద్ధతినే కోరి తెచ్చుకుంది. మీటను పూర్తిగా ఆటగాడి చేతికిస్తే అతను సున్నాకి తిప్పేస్తాడు, తర్వాత పెద్ద రాక్షసుడి దగ్గర బలం చాలక ఓడిపోయి గేమ్‌నే తిడతాడు. జనం అడిగిందీ, జనానికి నచ్చేదీ ఎప్పుడూ ఒకటి కాదు.

ఇంట్లో 'గేమ్స్‌లో ఉద్యోగం' అంటే ఎదురయ్యే మాటను కూడా దాటెయ్యకూడదు. మన ఊళ్లలో ఆ మాట వినగానే పెద్దలకు గుర్తొచ్చేది ఆన్‌లైన్ రమ్మీ, అప్పులు. వాళ్ల భయం ఉత్తది కాదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై కేంద్రమే చట్టం తెచ్చింది. గబ్బిలాన్ని పిలిచే రాండమ్ కోడ్‌కీ, డబ్బు కట్టి తెరిచే 'గచా' పెట్టె కోడ్‌కీ పెద్ద తేడా ఉండదు. ఒకచోట పోయేది మీ పది నిమిషాలు, ఇంకోచోట మీ నాన్న ఫోన్‌పే బ్యాలెన్స్. బొమ్మలన్నీ సెట్‌గా కూడితేనే బహుమతి ఇచ్చే 'కంప్లీట్ గచా' చట్ట విరుద్ధమని జపాన్ వినియోగదారుల వ్యవహారాల ఏజెన్సీయే 2012లో తేల్చింది. ఇంటర్వ్యూలో మీరు కూడా అడగొచ్చు, మీ గేమ్‌లో పాచిక దేని మీద పడుతుంది సార్, టైమ్ మీదా, డబ్బు మీదా అని. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ ఆఫర్ గురించి రెండోసారి ఆలోచించండి. అమ్మానాన్నలకు ఈ తేడా తెలుగులో చెప్పగలిగితే సగం గొడవ ఇంట్లోనే తీరుతుంది.

ఇక రెజ్యూమె సంగతి. 'హాబీ: గేమింగ్' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. వెయ్యి గంటలు ఆడాను అన్నా అంతే. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద కంపెనీకి హైదరాబాద్‌లోనే ఆఫీసుంది. గేమ్ కంపెనీల్లో టెస్టింగ్, డేటా అనాలిసిస్, డిజైన్ పనులుంటాయి. అక్కడ చూసేది మీరు ఎంత ఆడారన్నది కాదు, ఆడినదాని గురించి ఎంత కచ్చితంగా మాట్లాడగలరన్నది. 'ఎన్‌కౌంటర్లు ఎక్కువగా ఉన్నాయి' అన్నది ఫిర్యాదు. 'రెండో గుహలో 20 యుద్ధాలు గమనించాను, వాటిలో 5 నాలుగడుగుల్లోపే వచ్చాయి, ఆ ఐదుసార్లూ నేను దారి వెతుకుతూ వెనక్కి తిరిగినప్పుడే' అని రాస్తే అది రిపోర్టు.

వనపర్తి పాలిటెక్నిక్‌లో ఉన్నా, గద్వాల డిగ్రీ కాలేజీలో ఉన్నా దీనికి పెద్ద సిస్టమ్ అక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో పైథాన్ ఉంటే చాలు. బొమ్మలు కావాలంటే గోడాట్ ఇంజిన్ ఉచితం. ఒక గీతల గుహ, ఒక గబ్బిలం, రెండు వెర్షన్లు చేయండి. ఒకదాంట్లో ప్రతి అడుగుకూ 30లో 1, రెండోదాంట్లో రెండంకెలు కూడే పద్ధతి. సగటు రెండింటికీ ఒకటే కాబట్టి తేడా ఉందని ఆడేవాళ్లకు ముందే చెప్పకండి. క్లాసులో పది మందికి ఇచ్చి, ఏది చిరాకు పెట్టింది, ఎక్కడ ఆపేయాలనిపించింది అని వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఎవరు ఏ వెర్షన్ ముందు ఆడారో కూడా రాయండి. మొదటిదాంట్లో వచ్చిన విసుగు రెండోదాని మీద పడుతుంది కాబట్టి ఐదుగురికి ఇది ముందు, ఐదుగురికి అది ముందు ఇవ్వాలి.