నర్సింగ్ హోము గడప దాటే ముందు

సంతలో మట్టికుండ కొనేటప్పుడు కూడా మనం వేలితో కొట్టి శబ్దం వింటాం. ఆడపిల్లకు సంబంధం వస్తే అబ్బాయి చదువేమిటి, నౌకరీ ఏమిటి, ఖాందాన్ ఎలాంటిది, ఇరుగుపొరుగు ఏమంటున్నారు అని నెలల తరబడి విచారిస్తాం. ఇంత జాగ్రత్త గల మనమే, అదే బిడ్డను పురిటికి తీసుకుపోయే రోజున మాత్రం ఆటో ఆగిన చోట దిగిపోతాం. వీధి చివరి ఆర్.ఎం.పి. చీటీ మీద ఏ పేరు రాస్తే ఆ మెట్లే ఎక్కుతాం. ఆ చీటీకి అక్కడ ఎంత ముడుతుందో మనకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాదు.

విశాఖపట్నంలో స్టీలు ప్లాంటు ఉద్యోగికి ఉక్కునగరంలో ఆసుపత్రి ఉంది. పోర్టు ఉద్యోగికి సాలగ్రామపురంలో ఉంది. నౌకాదళం వారికి కల్యాణి ఉంది. చందా కట్టే కార్మికుడికి మల్కాపురంలో ఈ.ఎస్.ఐ. ఉంది. కాని మనలో ఎక్కువ మంది ఈ నాలుగు లెక్కల్లోకీ రాని వారు. కుట్టు మిషను నడిపేవారు, పండ్ల బండి తోసేవారు, మెకానిక్ షెడ్డులో పని చేసేవారు, హార్బరులో రోజు కూలీకి పోయేవారు. వీరికి మిగిలేవి రెండే దారులు. ఒకటి, 1923 నుంచి ఉత్తరాంధ్ర భారమంతా మోస్తున్న కేజీహెచ్. ఆడవారికైతే పాత నగరంలోని ఘోషాసుపత్రి కూడా ఉంది. పర్దా పాటించే స్త్రీల కోసం వెలసింది కనుకనే దానికి ఆ పేరు వచ్చిందని ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. రెండో దారి, పది ఇరవై పడకల నర్సింగ్ హోము. పెద్దాసుపత్రిలో రద్దీకి భయపడి, ఇంటి ఆడవారికి కాస్త మరుగు దొరుకుతుందని ఆశపడి, గాజులు కుదువ పెట్టి అయినా సరే మనవారు ఈ రెండో దారినే పడుతున్నారు. అది తప్పని ఎవరూ అనరు. కళ్లు మూసుకుని పోవడమే తప్పు.

2023 డిసెంబరు 14, గురువారం. జగదాంబ జంక్షను దగ్గరి ఇండస్ ఆసుపత్రిలో మంటలు లేచాయి. భవనం పొగతో నిండిపోయింది. నలభై మందికి పైగా రోగులను అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు బయటికి తెచ్చి ఇతర ఆసుపత్రులకు తరలించారు. ప్రాణనష్టం జరగలేదు. అది పట్టపగలు, నగరం నడిబొడ్డు, కూతవేటు దూరంలో మరిన్ని ఆసుపత్రులు. అదే అర్ధరాత్రి, ఇరుకు సందులో, మూడో అంతస్తులో, ఒక్క మెట్లదారి ఉన్న మేడలో జరిగి ఉంటే?

ఈ ప్రశ్నకు జవాబు ఊహించనక్కర లేదు. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, కోవిడ్ రోగులను ఉంచిన హోటలు భవనంలో నిప్పంటుకుని పది మంది చనిపోయారు. 2011 డిసెంబరు 9న, అదీ ఒక శుక్రవారం తెల్లవారకముందే, కోల్‌కతాలో పేరున్న ఆమ్రి ఆసుపత్రిలో తొంభై మంది దాకా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాహనాలు నిలపాల్సిన నేలమాళిగలో మండే సామాను నింపారు. మంట కింద పుట్టింది, పొగ పైకి పాకింది. పై అంతస్తుల్లో లేవలేని రోగులు చాలామంది మంట తగలకుండానే ఊపిరాడక పోయారు. 2024 మే 25 రాత్రి ఢిల్లీ వివేక్ విహార్‌లో శిశువుల నర్సింగ్ హోము తగలబడి పసికందులు బలయ్యారు. దాని లైసెన్సు గడువు అంతకు ముందే, మార్చి 31తోనే తీరిపోయింది. అయిదు పడకలకు అనుమతి ఉన్న చోట పన్నెండు మంది శిశువులను ఉంచారు. ఆ తల్లిదండ్రుల్లో ఒక్కరైనా గోడ మీద కాగితం చదివి ఉంటే అన్న మాట మనసును కోస్తుంది. కాని గోడ మీది కాగితం చదివే అలవాటు మనలో ఎవరికి ఉంది?

అగ్నిప్రమాదాలు పత్రికల్లో వస్తాయి. పత్రికల్లోకి రాని ప్రమాదాలు ఇంకా ఎక్కువ. కొన్నేళ్ల కిందట మా ఖాలాజాన్ మనుమరాలిని తొలి కాన్పుకు మేమే ఒక నర్సింగ్ హోములో చేర్చాం. గచ్చు అద్దంలా మెరుస్తోంది, బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. అంతటితో మేము తృప్తి పడ్డాం. సాయంత్రం బిడ్డ పుట్టింది, మిఠాయి పంచాం. రాత్రి రెండు గంటలకు తల్లికి రక్తస్రావం మొదలైంది. మేడలో డాక్టరు లేరు. తెల్లకోటు వేసుకున్న మనిషిని నర్సనుకున్నాం, అడిగితే ఆయా అని తెలిసింది. ఫోను మోగింది కాని ఎత్తేవారు లేరు. ఎవరో ఆటో తెచ్చారు. కేజీహెచ్‌లో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మలు, మొహల్లా కుర్రాళ్లు ఇచ్చిన రక్తం, పైవాడి దయ, ఈ మూడూ కలిసి ఆ పిల్లను దక్కించాయి. ఇప్పుడా బాబు బడికి పోతున్నాడు. ఆ నర్సింగ్ హోము పేరు ఇక్కడ అనవసరం. వారి తప్పు వారిదే. కాని "రాత్రి డాక్టరు ఎవరుంటారు?" అన్న ఒక్క ప్రశ్న పగలే అడగని తప్పు మాది. ఇన్నేళ్లుగా పిల్లలకు ప్రశ్నలు అడగడం నేర్పుతున్న నేను, అడగవలసిన చోట అడగలేదు.

అందుకే ఏమి అడగాలో, ఏమి చూడాలో చెప్పుకుందాం. ఇవి వైద్యం తెలిసినవారే చేయగల పరీక్షలు కావు. కళ్లూ నోరూ ఉంటే చాలు.

మొదట కాగితం. మన రాష్ట్రంలో 2002 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రైవేటు ఆసుపత్రీ జిల్లా అధికారుల దగ్గర రిజిస్టరు కావాలి. ఆ రిజిస్ట్రేషనుకు అయిదేళ్లే గడువు. ఆ పత్రం లోపలికి రాగానే కనిపించేలా ఉండాలి. పేరు, పడకల సంఖ్య, గడువు తేదీ, ఈ మూడూ చదవండి. తర్వాత పడకలు లెక్కపెట్టండి. కనిపించకపోతే అడగండి. "లోపలెక్కడో ఉంది" అన్న జవాబు వస్తే, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో విచారించవచ్చు. స్కానింగు గది ఉంటే దానికి వేరే రిజిస్ట్రేషను, గర్భస్థ శిశువు ఆడో మగో చెప్పబోమన్న బోర్డు ఉండి తీరాలి. 1994 నాటి చట్టమది. డబ్బు తీసుకుని ఆ సంగతి గుసగుసగా చెప్పే చోట మరే నియమమూ పాటించరని గుర్తుంచుకోండి.

రెండోది మనుషులు. బోర్డు మీద పది మంది డాక్టర్ల పేర్లుంటాయి. వారిలో ఇక్కడ ఉండేవారెందరు, పిలిస్తే వచ్చేవారెందరు? రాత్రి పూట ఎం.బి.బి.ఎస్. డాక్టరు భవనంలోనే ఉంటారా? నర్సులు శిక్షణ పొందినవారేనా? ఆపరేషను అయితే మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు, ఎంతసేపట్లో వస్తారు, రోగికి తెలివి వచ్చేదాకా ఉంటారా? చిన్న నర్సింగ్ హోములో మత్తు డాక్టరు బయటినుంచి రావడం మామూలే. కాని కుట్లు పడగానే ఆయన మరో చోటికి పరుగెత్తితే అది మామూలు కాదు. రక్తం కావలసి వస్తే ఏ బ్లడ్ బ్యాంకు నుంచి, ఎంతసేపట్లో తెస్తారు? పరిస్థితి చేయి దాటితే ఏ ఆసుపత్రికి, ఏ అంబులెన్సులో పంపుతారు? కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం గంటల వ్యవధిలోనే తల్లి ప్రాణం తీస్తుంది. ఈ జవాబులు ముందే తెలిసి ఉండాలి.

మూడోది భవనం. చేరిన రోజే ఇంటి మగవారిలో ఒకరు మెట్లన్నీ ఎక్కి దిగి రావాలి. రెండో మెట్లదారి ఉందా? ఉంటే దాని తలుపుకు తాళం వేసి ఉందా? విరిగిన మంచాలు, మందుల అట్టపెట్టెలు దారికి అడ్డంగా పడేశారా? నడవలేని రోగిని దించే ర్యాంపు గాని, స్ట్రెచరు పట్టే లిఫ్టు గాని ఉందా? గోడకు తగిలించిన ఎర్ర సిలిండరు మీద చీటీ ఉంటుంది, దాని మీద తేదీ చూడండి. కరెంటు పోతే జనరేటరు ఎన్ని క్షణాల్లో అందుకుంటుందో అడగండి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరులో రోజుల తరబడి చీకటిలో ఉన్న ఊరు మనది. ఆ ప్రశ్న ఎందుకని మనల్ని ఎవరూ అడగలేరు.

నాలుగోది శుభ్రత. మెరిసే గచ్చును చూసి మోసపోవద్దు. డాక్టరు, నర్సు ఒక రోగి దగ్గరనుంచి మరో రోగి దగ్గరికి పోయేటప్పుడు చేతులు కడుగుతున్నారా అని చూడండి. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పుల వార్డులో తల్లుల చావులకు డాక్టర్ల చేతులే కారణమని కనిపెట్టాడు. బ్లీచింగ్ నీళ్లతో చేతులు కడిగించగానే మరణాలు ఎంతగానో తగ్గాయి. అయినా తోటి డాక్టర్లు ఆయన మాట చాలాకాలం ఒప్పుకోలేదు. సూదులు ఎక్కడ పడేస్తున్నారు? పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో వేర్వేరు డబ్బాలు ఉండాలని 2016 నాటి నియమాలు చెబుతున్నాయి. రక్తం అంటిన దూది పసుపు డబ్బాలోకి, ప్లాస్టిక్ గొట్టాలు ఎరుపులోకి, సూదులు తెల్లదానిలోకి, గాజు సీసాలు నీలంలోకి. అన్నీ ఒకే బుట్టలో కలిసి ఉంటే, కనిపించని చోట ఇంకేం కలుస్తోందో ఆలోచించండి.

అయిదోది డబ్బు. ఫీజుల పట్టిక అడగండి. సాధారణ కాన్పుకెంత, ఆపరేషనుకెంత, గదికెంత, మందులు వేరేనా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్యసేవ అని 2024లో పేరు మారిన ఆరోగ్యశ్రీ జాబితాలో ఆ ఆసుపత్రి ఉందా, మన జబ్బు దాని కింద వస్తుందా అని నగదు కట్టక ముందే విచారించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి నలభై రెండు కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది అరవై దాటింది. ఆపరేషను ఎన్నో ప్రాణాలు కాపాడుతుంది, నిజమే. అయితే ఎందుకు అవసరమైందో తెలుసుకునే హక్కు మనది. సంతకం పెట్టే కాగితం చదివించుకోండి. చదువు రానివారు చదువుకున్న పిల్లను వెంట తీసుకుపోండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయవద్దు.

ఇవన్నీ అడిగితే డాక్టరుగారికి కోపం రాదా అని కొందరంటారు. రావచ్చు. అయితే మంచి డాక్టరుకు రాదు. మన ఊళ్లో చిన్న నర్సింగ్ హోమే అయినా ఏళ్ల తరబడి నిజాయితీగా నడిపిస్తున్న డాక్టర్లు ఉన్నారు. అలాంటివారిని గుర్తించే లక్షణం ఒకటుంది. "ఇది నా వల్ల కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అని సమయానికి చెబుతారు. రోగిని వదులుకునే ఆ మాట అనగలిగిన డాక్టరునే నమ్మండి. పొమ్మనడానికి జంకి, చివరి ఘడియ దాకా పట్టుకుని కూర్చునేవారితోనే ప్రమాదం.

అపాయంలో ఉన్న మనిషికి ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు వైద్యం చేసి తీరాలని 1989లో సుప్రీం కోర్టు చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో అదే కోర్టు తేల్చింది. మన కేసు కాగితాలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమావళిలోని మాటే. అన్యాయం జరిగితే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అందుకే బిల్లులు, చీటీలు, స్కానింగు ఫిల్ములు ఒక సంచిలో భద్రపరచండి. రాళ్లు విసరడం, అద్దాలు పగలగొట్టడం వల్ల పోయిన మనిషి రాడు, ఉన్న న్యాయం కూడా పోతుంది.

మిగిలింది మన పని. నొప్పులు మొదలైన తర్వాత ఎవరూ విచారణ చేయలేరు. ఏడో నెలలోనే వెళ్లి చూసి రావాలి. ప్రతి మొహల్లాలో ఇప్పుడు నర్సింగు చదివిన ఆడపిల్లలు, ఫార్మసీ చదివిన కుర్రాళ్లు ఉన్నారు. మస్జిదు కమిటీ వారు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, చుట్టుపక్కల నర్సింగ్ హోముల గురించి ఒక నోటుబుక్కు రాయిస్తే ఎంత ఖర్చవుతుంది? రాత్రి డాక్టరు ఉండేది ఎక్కడ, లేడీ డాక్టరు ఉండేది ఎక్కడ, రెండో మెట్లదారి ఉన్నది ఎక్కడ. రక్తం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న యువకుల పేర్లు, గ్రూపులు చివరి పేజీలో. కాన్పుకు చేయి చాచిన పేదింటికి జకాతు సొమ్ము ఇవ్వడం మనకు తెలుసు. ఆ సొమ్ము ఏ గడపలో ఖర్చవుతోందో చూడడం కూడా ఆ సాయంలో భాగమే.

ఈ రోజు నమాజు తర్వాత పది నిమిషాలు ఆగి ఈ సంగతి మాట్లాడుకోండి. మీ వీధిలో ఈ నెల, వచ్చే నెల పురిటికి పోవలసిన ఇల్లు ఏదో మీకు తెలుసు. ఆ నోటుబుక్కు మొదటి పేజీ ఆ ఇంటి కోసం రాయండి.