నిఘా – అమానత్

'సర్వర్ డౌన్' అన్న రెండు మాటలు నేడు తెలుగునాట కార్యాలయాల కిటికీల ముందు తరచుగా వినవస్తున్నవి. ప్రవేశ దరఖాస్తు పంపవచ్చిన విద్యార్థికైనా, ఉపకార వేతనపు గడువు చివరి దినాన ధ్రువపత్రాలు పట్టుకొని వచ్చిన తండ్రికైనా ఆ రెండు మాటలే సమాధానం. ఆ యంత్రం ఎందుకు ఆగినదని అడిగేవారు అరుదు. అనేక సందర్భాలలో సర్వరు ముందుగా సూచనలిచ్చియే ఆగుతుంది. డిస్కు కొద్దికొద్దిగా నిండుతూ వస్తుంది. మెమరీ చాలక పని మందగిస్తుంది. భద్రతా సర్టిఫికెట్టు గడువు దగ్గరపడుతుంది. చూచేవారుంటే ఇవన్నీ ముందే కనబడే విషయాలు. ఆ చూపు ఎట్లుండవలెనన్నదే ఇక్కడ మా విచారణ.

సర్వర్లను కనిపెట్టి ఉండడానికి ముఖ్యంగా రెండు మార్గాలు కలవు. మొదటిది ప్రతి యంత్రంలోనూ ఒక ప్రోగ్రామును కాపురం పెట్టడం. దీనికి 'ఏజెంటు' అని పేరు. అది రాత్రింబవళ్ళు లోపలే ఉండి కేంద్రానికి కబురు పంపుతుంది. రెండవది ఏజెంటు లేని పద్ధతి. ఇందులో పరిశీలక యంత్రం నియమిత వేళలకు 'సెక్యూర్ షెల్' మార్గాన సర్వరులోనికి వెళ్ళి, నాలుగు ప్రశ్నలడిగి, సమాధానాలు వ్రాసికొని వెలుపలికి వస్తుంది. లినక్సు యంత్రాలలో ఈ సమాధానాలు సిద్ధంగానే ఉంటవి. 'అప్‌టైమ్' అన్న ఆజ్ఞ ఇస్తే యంత్రం ఎంతకాలంగా నడుస్తున్నదో, గడచిన 1, 5, 15 నిమిషాలలో దానిపై సగటు భారం ఎంతో తెలుస్తుంది. 'డీఎఫ్' డిస్కులో మిగిలిన చోటును, 'ఫ్రీ' మెమరీ స్థితిని తెలుపుతవి.

సెక్యూర్ షెల్ పుట్టుక కూడ తెలియదగినది. పూర్వం దూరపు యంత్రాలను నడపడానికి వాడిన టెల్నెట్ వంటి సాధనాలు పాస్‌వర్డును మూతలేని ఉత్తరంవలె పంపేవి. 1995లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయంలో, నెట్‌వర్కుపై పొంచియున్నవారు పాస్‌వర్డులను తస్కరించగా, అక్కడి టాటు యులోనెన్ ఈ కొత్త సాధనాన్ని రచించినాడు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందంవారు ఉచితమైన ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను వెలువరించిరి. లినక్సు సర్వర్లలో నేడు సాధారణంగా ఉండేది ఇదే. నిర్వహణకోసం ఈ ద్వారం ముందే ఏర్పడి ఉన్నది గనుక, నిఘాకోసం మరొక ద్వారం తెరవనక్కరలేదు.

లోపల కాపురముండే ప్రోగ్రాము ఎంత మేలు చేసినా, దాని భారాన్ని ఇంటివారే మోయవలెను. దానికి మార్పులు, మరమ్మతులు ఎప్పటికప్పుడు అందుతుండవలెను. అవి బయటివారి చేతిలో ఉంటవి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థవారి భద్రతా ఏజెంటుకు లోపభూయిష్టమైన నవీకరణ ఒకటి చేరగా, సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కూలబడినవి. ఎన్నో దేశాలలో విమానాలు నిలిచిపోయినవి. మన దేశంలోనూ కొందరు ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు. అది సర్వర్ల భారాన్ని కొలిచే ఏజెంటు కాదు, శత్రువును పట్టే ఏజెంటు. అయినను పాఠం ఒక్కటే: ప్రతి యంత్రం లోపలా ఒకే పరాయి ప్రోగ్రామును ఉంచినపుడు, దాని తప్పు అన్ని యంత్రాల తప్పు అవుతుంది.

ఇంతమాత్రాన రెండవ పద్ధతి దోషరహితమని మేము చెప్పము. 5 నిమిషాలకొకసారి చూచేవానికి నడుమ వచ్చిపోయిన ఒత్తిడి కనబడకపోవచ్చును. దారి తెగినపుడు లోపల ఏమి జరిగినదో తెలియదు. లోపలనే ఉండే ఏజెంటైతే ఆ లెక్కలను దాచి తరువాత పంపగలదు. యంత్రాలు వేలకొద్ది ఉన్నచోట మాటిమాటికి తలుపు తట్టడం కూడ ఒక భారమే. అట్టి మహాసంస్థలకు ఏజెంట్లు తగియుండవచ్చును. పిడికెడు సర్వర్లు గల విద్యాసంస్థకు రెండవ పద్ధతియే ఉచితమని మా అభిప్రాయం.

ఐతే అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. ఏజెంటును తొలగించితిమి గాని తాళపుచెవిని సృష్టించితిమి. సెక్యూర్ షెల్ తాళపుచెవికి రెండు భాగాలు. బహిరంగ భాగం సర్వరులో ఉంటుంది. రహస్య భాగం పరిశీలక యంత్రంలో ఉంటుంది. అర్ధరాత్రి తానే పనిచేయవలసిన యంత్రానికి ఎవరూ కూర్చుండి రహస్యపదం అందించలేరు గనుక, ఆ తాళపుచెవిని తరచుగా అట్టి రక్షణ లేకుండగనే ఉంచుతారు. ఆ ఒక్క ఫైలు దొరికినవానికి అన్ని సర్వర్ల తలుపులూ తెరచుకొనును. ఆ తలుపుల వెనుక ఉన్నవేమి? విద్యార్థుల మార్కులు, కుటుంబ ఆదాయ ధ్రువపత్రాలు, ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు. యంత్రం బ్రతికి ఉన్నదా అని చూడవచ్చినవానికి ఒక బీద బాలిక తండ్రి ఆదాయమెంతో చదివే అధికారం ఎవరిచ్చినారు?

'నిఘా' అన్న మన తెలుగు మాట 'నిగాహ్' నుండి వచ్చినది. చూపు అని దాని అర్థం. ఉర్దూలో మరొక మాట కలదు: 'అమానత్'. నమ్మి ఒప్పగించిన సొత్తు అని భావం. భద్రతను, శాంతిని తెలిపే 'అమన్', ఈ 'అమానత్' ఒకే అరబ్బీ ధాతువునుండి పుట్టినవి. సర్వరు తాళపుచెవి అట్టి అమానత్. దానిని చేతబట్టినవాడు సొత్తుకు యజమాని కాడు, కాపలాదారు మాత్రమే.

ఈ ధర్మాన్ని పాటించడానికి సాధనాలు ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.లోనే ఉన్నవి. నిఘాకోసం సర్వాధికారాలు గల 'రూట్' ఖాతాను వాడరాదు. అధికారం లేని వేరొక ఖాతాను సృష్టించవలెను. బహిరంగ తాళపుచెవులను నమోదు చేసే ఫైలులో ఒక్కొక్క తాళపుచెవికి ఒక్కొక్క ఆజ్ఞను బిగించవచ్చును. అప్పుడు లోనికి వచ్చినవాడు ఏమి కోరినా ఆ ఒక్క ఆజ్ఞయే నడుస్తుంది. ఏ చిరునామా నుండి రావలెనో కూడ అక్కడనే నిర్ణయించవచ్చును. మొదటిసారి కలిసినపుడు సర్వరు చూపే వేలిముద్రను సరిచూడకుండ 'ఎస్' అని కొట్టడం, ముఖం చూడకుండ తలుపు తీయడంవంటిది. తాళపుచెవి ఎవరివద్ద ఉన్నదో పుస్తకంలో వ్రాయవలెను. ఆ మనిషి వెళ్ళిననాడే దానిని రద్దు చేయవలెను.

ద్వారమే చెడితే ఏమి గతి అని కొందరడుగవచ్చును. 2024 మార్చిలో అట్టి ఘటన జరిగినది. 'ఎక్స్‌జెడ్' అన్న ఉపకరణంలో ఎవరో దాచిన దొంగదారి, కొన్ని లినక్సు రకాలలో సెక్యూర్ షెల్‌కే ఎసరు పెట్టినది. దానిని పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. లోనికి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదేమని ఆయనకు సందేహం కలిగినది. ఆ సందేహమే దొంగను బయటపెట్టినది. సాధనం ఏదైనా, చివరకు లోకాన్ని కాపాడినది శ్రద్ధగల మనిషి చూపు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం: ఖరీదైన నిఘా ఒప్పందాలపై సంతకం చేయకముందు, ఒక పాత కంప్యూటరును, ఇద్దరు ముగ్గురు విద్యార్థులను, బాధ్యుడైన ఒక అధ్యాపకుని ఈ పనికి నియమించి చూడండి. విద్యార్థులకు మా మాట: ఆజ్ఞలు నేర్వడం నాలుగు దినాల పని. తెరువగలిగిన తలుపును అవసరం లేనపుడు తెరువకుండ ఉండడం జీవితకాలపు విద్య. ఆ విద్య మన కళాశాలలోనే ఆరంభం కావలెనని మా ఆకాంక్ష.