చెరువు చేపపై కొనువారి సందేహము

సంతలో చేపల బుట్ట ముందు నిలచిన వారు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటే: "ఏటి చేపా? చెరువు చేపా?" ఏటి చేప యన్నచో ధర హెచ్చైనను కొందురు. చెరువు చేప యన్నచో ముఖము చిట్లించి బేరమాడుదురు. ఇది చూచి పెంపకపు రైతులు నొచ్చుకొనుట సహజమే. కాని కొనువారు తెలియనివారని త్రోసిపుచ్చుట వలన మనకు ప్రయోజనము లేదు. వారి సందేహములో కొంత అపోహ, కొంత నిజము కలిసియున్నవి.

ముందు అపోహను చూతము. పారు నీటి చేప యంతయు శుభ్రమనియు, చెరువు చేప యంతయు మురికి యనియు తలచుట సరికాదు. నేడు అనేక చోట్ల పట్టణముల మురుగు ఏటిలోనే కలియుచున్నది. చెరువులోనైతే నీరు, మేత రైతు చేతిలో నుండును. బొచ్చె, శీలావతి చేపలకు మనము పెట్టునది ముఖ్యముగా తవుడు, నూనె తీసిన చెక్క. వీనిని పెంచుటకు సముద్రపు చేపలను పట్టి మేపవలసిన పనిలేదు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందుటకే ఈ ఏర్పాటు. ఆ దినములలో చెరువు చేప తినువారి కొరత తీర్చి, సముద్రముపై భారమును తగ్గించును. ఈ సంగతి కొనువారికి చెప్పువారు తక్కువ.

ఇక నిజము. చెరువు చేపకు మట్టివాసన యుండుట కల్ల కాదు. నీటిలో పెరుగు కొన్ని రకముల నాచు, సూక్ష్మజీవుల వలన అది కలుగును. మేత, ఎరువు మితిమీరినచో హెచ్చును. అమ్మకమునకు ముందు కొన్ని దినములు మేత ఆపి, చేపను శుభ్రమైన పారు నీటిలో నుంచినచో తగ్గును. కోళ్ల వ్యర్థములను మేతగా వేయుట నిషిద్ధమైనను, చాటుగా వేయువారు కలరు. కొల్లేటి అభయారణ్యము లోపల త్రవ్విన చెరువుల గట్లను 2006లో ప్రభుత్వము తెగగొట్టించవలసి వచ్చెను. ఇవన్నియు కొనువారు విన్నవే.

2018 జులైలో చేపలలో ఫార్మలిన్ కలదను కారణముచే అస్సాము ప్రభుత్వము మన రాష్ట్రపు చేపల రాకను కొన్ని దినములు నిలిపివేసెను. 2019 జనవరిలో పాట్నాలోను మన చేపల అమ్మకము ఆగెను. మందు కలిపినది ఎవరైనను, ఐసు పెట్టెలలో నిలిచిన సరకుకు నష్టపడిన వారిలో ఏ తప్పు నెరుగని రైతులును కలరు.

కావున రైతు సోదరులారా, ప్రతి చెరువునకు ఒక పుస్తకము పెట్టుడు. పిల్ల ఎచ్చట తెచ్చినది, ఏ మేత, ఎంత వేసినది, ఏ మందు ఏ తేదీన వాడినది వ్రాయుడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందులను గట్టుపైకే రానీయకుడు. పట్టిన చేపకు చాలినంత ఐసు వేసినచో వేరు మందుతో పనియే లేదు. గ్రామాధికారులు వ్యర్థములు తెచ్చు బండ్లను కనిపెట్టి మత్స్యశాఖకు వెంటనే తెలుపవలెను. ఒకరిపై దయ తలచి ఊరకున్నచో ఊరిలోని చెరువులన్నిటికి చెడ్డపేరు వచ్చును.

"ఇంత చేసిన ధర పెరుగునా?" యని మీరడుగవచ్చును. వెంటనే పెరుగునని నేను చెప్పజాలను. కాని మరల అట్టి అనుమానము పుట్టిన దినమున, పుస్తకము చూపగల రైతు మాటకే విలువ యుండును. తరువాతి పిల్లను వదలు దినముననే ఆ పుస్తకమును ప్రారంభింపుడు. వర్తకుడు అడుగకున్నను చూపుడు.