మట్టి కార్డు సరే, బంకమట్టి మాటేమిటి?

2015 నుంచి ప్రభుత్వం భూసార పరీక్ష కార్డులు ఇస్తోంది. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలు జింకు, బోరాన్, సేంద్రియ కర్బనం వరకు 12 అంశాలు అందులో ఉంటాయి. అవన్నీ కావలసినవే. కాని మన చేను ఏ రకం బంకమట్టితో తయారైందో చెప్పే గడి ఆ కార్డులో లేదు. డెల్టా రైతుకు ఆ లెక్క కూడా కావాలని మేము అడుగుతున్నాం.

ఎందుకంటే బంకమట్టి అంతా ఒకటి కాదు. గోదావరి దక్కను నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. ఆ రాయి చివికి తయారైన మాంట్‌మోరిల్లొనైట్ రకం మన ఒండ్రులో ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది, నీటిని కిందికి దిగనివ్వదు, ఎరువును గట్టిగా పట్టి ఉంచుతుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కెయోలినైట్ ఉబ్బదు, ఎరువును అంతగా పట్టుకోదు. ఇల్లైట్ రకం పొరల మధ్య పొటాష్‌ను బిగించి ఉంచుతుంది. కె.గంగవరం మండలంలోనే గౌతమి ఒడ్డు లంక భూమి వేరు, లోపలి రేగడి మడి వేరు. రెండింటికీ ఒకే ఎరువు మోతాదు, ఒకే మురుగు బోదె లోతు చెబితే నష్టపోయేది ఎవరు?

ఈ రకాలను తేల్చేది ఎక్స్‌రే పరీక్ష. అయితే మిషన్ కంటే ముందు మట్టిని సిద్ధం చేయడమే అసలు పని. ముందు సేంద్రియ పదార్థాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో, సున్నాన్ని మెల్లని ఆసిడ్‌తో తీసేస్తారు. ఘాటు ఆసిడ్ వాడితే బంకమట్టే పాడవుతుంది. తర్వాత నీటిలో కలిపి నిలబెడతారు. ఇసుక, ఒండ్రు అడుగుకు దిగిపోతాయి. 20 డిగ్రీల నీటిలో సుమారు 8 గంటల తర్వాత పై 10 సెంటీమీటర్లలో మిగిలేది 2 మైక్రాన్ల లోపు రేణువులే. బంకమట్టి అంటే అదే. దాన్ని గాజు పలక మీద పల్చగా ఆరబెడితే రేకులు చదునుగా పరుచుకుంటాయి.

ఒకే పలకను ఒక్కసారి చూస్తే చాలదు. మామూలుగా ఒకసారి, గ్లైకాల్ పట్టించి ఒకసారి, 550 డిగ్రీల దాకా కాల్చి ఒకసారి చూడాలి. గ్లైకాల్‌కు పొరల దూరం పెరిగితే అది ఉబ్బే రకం. కాల్చాక 7 ఆంగ్‌స్ట్రామ్‌ల గీత మాయమైతే కెయోలినైట్. ఏ మార్పూ లేకుండా 10 దగ్గరే నిలిస్తే ఇల్లైట్. ఇందులో ఏ మెట్టు దాటేసినా తప్పు ఫలితం వస్తుంది.

ఈ పరీక్ష ప్రతి రైతూ చేయించుకోనక్కర్లేదు. ఎరువుల నిల్వలు ఏటా మారతాయి గాని బంకమట్టి రకం మన జీవితకాలంలో మారదు. అందుకే మా డిమాండ్లు ఇవి:

ప్రతి గ్రామంలో నేల రకానికి ఒక చోట చొప్పున, పై మట్టి, అడుగు మట్టి విడివిడిగా తీసి, ప్రభుత్వ ఖర్చుతో ఒక్కసారి ఎక్స్‌రే పరీక్ష చేయించాలి. నాగపూర్‌లోని జాతీయ నేలల సర్వే సంస్థ వంటి చోట్ల ఈ పని తెలిసినవారు ఉన్నారు.

మట్టి తీసేటప్పుడు ఆ చేను రైతు దగ్గర ఉండాలి. గట్టు పక్కన, ఎరువు కుప్ప దగ్గర తీసిన మట్టిని ఒప్పుకోకూడదు. నీడలోనే ఆరబెట్టాలి.

ఫలితాన్ని రైతు సేవా కేంద్రంలో తెలుగులో రాసి పెట్టాలి. ఎరువు సిఫార్సు, మురుగు బోదెల లోతు, దూరం ఆ ఫలితాన్ని బట్టే నిర్ణయించాలి.

సార్వాకు నీళ్లు వదలక ముందే, మడులు ఎండి ఉన్న వేసవిలోనే ఈ పని జరగాలి. ప్రతి గ్రామ కమిటీ ఈ మూడు డిమాండ్లతో తీర్మానం చేసి మండల వ్యవసాయాధికారికి ఇవ్వాలని కోరుతున్నాం.