సూది మార్చవలసిన వేళ



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి మిక్కిలి చిన్నది, కుట్టు మిషను సూదిని గూర్చినది. చిన్నదే గదా అని పేజీ తిప్పవద్దు. దానివలన మా సంఘములో ఒక కుటుంబము ఆరాధనకే దూరమాయెను. అందులో మా తప్పు కూడ ఉన్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు దినములలో సంఘమంతా చందాలు వేసికొని, భర్తను పోగొట్టుకొనిన ఒక సహోదరికి కుట్టు మిషను ఇచ్చితిమి. ప్రార్థన చేసి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపితిమి. ఆమె దానితోనే ఇద్దరు పిల్లలను చదివించుకొనుచుండెను. ఆరేడు నెలలు గడిచిన పిమ్మట ఆమె కుట్టిన జాకెట్లలో అక్కడక్కడ కుట్లు పడుట లేదని మాట పుట్టినది. స్త్రీల కూటములోని ఒక అక్క, కుమార్తె పెండ్లికని ఇచ్చిన పట్టు గుడ్డ పోగులు లాగుకొనిపోయి పాడైనది. నలుగురిలో మాటలు పడినందున ఆమె సిగ్గుపడి మందిరమునకు రావడము మానుకొన్నది. మేము వెళ్లి, "పనిలో శ్రద్ధ ఉండాలమ్మా" అని బుద్ధి చెప్పి వచ్చితిమి.

ఆమె మిషను అమ్మివేయ జూచుచున్నదని తెలిసినప్పుడు, చిరకాలము దర్జీ పని చేసిన మా సంఘపు పెద్దాయనను వెంటబెట్టుకొని మరల వెళ్లితిమి. ఆయన చక్రము తిప్పి చూచి, సూది ఊడదీసి, మొనను గోటిమీద మెల్లగా రాచెను. గోటిమీద గీత పడినది.

"మిషనుకేమీ కాలేదు అయ్యగారూ. సూది మొన చెడింది. దీన్ని మార్చి ఎన్నాళ్లయిందమ్మా?"

"మార్చాలని నాకెవరూ చెప్పలేదు తాతయ్యా. విరిగితేనే మారుస్తారనుకున్నాను" అన్నదామె.

ఆ మాట మాకు గట్టిగా తగిలినది. మిషను ఇచ్చితిమి గాని, ఎవరమూ ఒక పూట ఆమె ప్రక్కన కూర్చుండలేదు. తెలియనితనమును అశ్రద్ధ అని తీర్పు తీర్చితిమి.

మన ఇండ్లలో కుట్టుపని చేయు తల్లులు, అక్కచెల్లెళ్లు తెలిసికొనవలెనని ఆ సంగతులు ఇక్కడ వ్రాయుచున్నాము. చేతిసూదికి కన్ను వెనుక ఉండును, మిషను సూదికి మొన దగ్గర ఉండును. సూది గుడ్డలో దిగి పైకి లేచునప్పుడు దారము చిన్న ఉచ్చుగా నిలుచును. క్రిందనున్న షటిల్ కొక్కెము ఆ ఉచ్చును పట్టుకొనినప్పుడే కుట్టు పడును. సూది వంగినా, మొన చెడినా ఉచ్చు సరిగా నిలువదు, కొక్కెమునకు అందదు. అప్పుడు కుట్టు తప్పిపోవును.

విరుగువరకు ఆగనక్కరలేదు, సూది ముందుగానే చెప్పును. కుట్లు మధ్యమధ్య తప్పుట, పైదారము పోగులు లేచి తెగుట, గుడ్డ ముడుతలు పడుట, పోగులు లాగుకొనుట, సూది దిగినప్పుడెల్ల టక్కుటక్కుమని శబ్దము వచ్చుట, ఇవి గురుతులు. సూదిని అద్దముమీద దొర్లించినయెడల వంకర కనబడును. ఏ గురుతూ లేకపోయినను సుమారు 8 గంటల కుట్టుపని తరువాత మార్చుట మంచిది. పాలిస్టరు, జరీ గుడ్డలు కుట్టినప్పుడు మొన త్వరగా అరుగును. గుండుసూదుల మీదుగా కుట్టినా, గుడ్డను చేతితో లాగినా సూది వంగును.

గుడ్డను బట్టి సూది ఉండవలెను. నంబరు పెరిగినకొలది సూది లావగును. పలుచని పట్టుకు 11, మామూలు నూలు జాకెట్టుకు 14, దుప్పటివంటి మందపు గుడ్డకు 16, జీన్సువంటి దానికి 18. ఆ సహోదరి లావు సూదితోనే పట్టును కూడ కుట్టినది!

సూది తలకు ఒక ప్రక్క చదునుగా ఉండును. పాత సూది తీయకముందే ఆ చదును ఏ వైపున ఉన్నదో చూచి, కొత్తదానిని అదే వైపునకు పెట్టి, పైకి ఆనువరకు నెట్టి, మర బిగించవలెను. మొదట చక్రమును చేతితో ఒకసారి తిప్పి చూడుడి. విరిగిన సూది ముక్కలన్నిటిని వెదకి మూత డబ్బాలో వేయుడి. మన పిల్లలు వట్టి కాళ్లతో తిరుగుదురు గదా!

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములోని దొర్కాను మనము ఎరుగుదుము. ఆమె విధవరాండ్రకు వస్త్రములు కుట్టినది. అంతమాత్రమే కాదు, వారితో కూడ ఉన్నది. అందుకే ఆమె చనిపోయినప్పుడు వారు ఆ బట్టలు పేతురునకు చూపి ఏడ్చిరి. మేము వస్తువు ఇచ్చితిమి, తోడు ఇయ్యలేదు.

కొత్త సూది పెట్టగానే కుట్టు చక్కగా పడినది. పాడైన పట్టు మాత్రము బాగుపడలేదు. మేము ఆ అక్క ఇంటికి వెళ్లి, తప్పు ఎవరిదో వివరించి, క్షమించుమని అడిగితిమి. రెండు వారములైన తరువాత ఆ అక్కయే వెళ్లి ఆమెను మందిరమునకు తోడుకొని వచ్చినది. అది మేము చేసిన ఏ ప్రసంగముకన్న గొప్పది.

కాబట్టి ప్రియులారా, మీ సంఘములో ఎవరికైనను మిషను ఇచ్చినయెడల, దానితో ఒక సూదుల పొట్లము కూడ ఇయ్యుడి. నెల గడిచిన తరువాత వెళ్లి, "పని ఎట్లున్నదమ్మా?" అని అడుగుడి. బుద్ధి చెప్పుటకు ముందు ప్రక్కన కూర్చుండుడి.

కష్టపడు ప్రతి సహోదరి చేతుల పనిని ప్రభువు ఆశీర్వదించును గాక. ఆమేన్.