200 గజాల్లో గుర్రం

మా బావ గుర్రం కొన్నాడు. కారు కాదు, బుల్లెట్ కాదు, నిజం గుర్రం. సింగ్ నగర్ దాటాక వాళ్ల కాలనీ. ఇంటి పక్కన 200 గజాల స్థలం ఖాళీగా పడి ఉంది. ప్రహరీ ఉంది, బోరు ఉంది. ఇంకేం కావాలి? రేకుల షెడ్డు వేయించి రీల్ పెట్టేశాడు. అది చూసి నాకు తెలిసిన కుర్రాళ్లు ముగ్గురు, "అన్నా, ఇంట్లో గుర్రాన్ని పెంచుకోవచ్చా?" అని మెసేజ్ పెట్టారు. ఈ వారం వాళ్ల కోసమే.

పెంచుకోవచ్చు. బెజవాడలో పెంచారు కూడా. రైల్వే స్టేషన్ బయట జట్కాలు బారులు తీరిన రోజుల్లో ఆ గుర్రాలేమీ రాత్రికి ఫామ్‌హౌస్‌లకు వెళ్లలేదు. బండి తోలేవాళ్ల ఇళ్ల ముందు, సందుల్లోనే ఉండేవి. కాకపోతే ఇంటికి పడుకోడానికే వచ్చేవి. పగలంతా నడకే. ఎండలో జనాన్ని లాగడం వాటికి సుఖమని నేననను గానీ, పొద్దస్తమానం ఒకేచోట కట్టేసి మాత్రం ఉంచేవాళ్లు కాదు.

మా బావ గుర్రానికి కట్టేసి ఉండటమే పని. పొద్దున ఏడింటికి బావ డ్యూటీకి పోతే మళ్లీ రాత్రి ఎనిమిదికి వచ్చేవాడు. మధ్యలో మా అక్క భయపడుతూ దూరం నుంచి నీళ్ల బకెట్ తోసేది. మేతకేముంది, డెల్టాలో వరిగడ్డికి కరువా? ట్రాక్టరుతో దింపించాడు. రాత్రి వచ్చాక ప్రేమ కొద్దీ బకెట్ నిండా ఉలవ గుగ్గిళ్లు.

అక్కడే దెబ్బతిన్నాడు. మన కళ్లకు అలవాటైన పశువు గేదె. అది నెమరేసుకుని వరిగడ్డినైనా అరిగించుకుంటుంది. గుర్రం నెమరెయ్యదు. దాని పొట్ట ఒంటికి తగ్గ పెద్దదేం కాదు, ఓ పదిహేను లీటర్లు. అందుకే రోజులో 16 గంటల దాకా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉండాలి. దానికి ఎండు గరికలాంటి సన్నగడ్డి కావాలి. బూజు పట్టిందైతే అసలు దగ్గరికి రానివ్వకూడదు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. పడనిది లోపలికి వెళ్లిందంటే వెనక్కి వచ్చే దారే లేదు.

నెలన్నర తిరక్కుండానే ఓ రాత్రి పదకొండింటికి అక్క ఫోన్. "ఒరేయ్, గుర్రం కాలితో నేల తవ్వుతోందిరా, పడి పొర్లుతోంది!" నేను వెళ్లేసరికి చెమటతో ముద్దయిపోయి ఉంది. మాటిమాటికీ తల తిప్పి తన డొక్క వైపు చూసుకుంటోంది. పొద్దుట్నుంచీ లద్దె వెయ్యలేదని అప్పుడు గమనించాం. ఎవరో ఆముదం పట్టమన్నారు, బావ సీసా తెచ్చేశాడు కూడా. ఎందుకైనా మంచిదని వన్‌టౌన్‌లో పెళ్లిళ్లకు గుర్రాలు తోలే ఓ పెద్దాయనకు ఫోన్ కొట్టాను. ఆయన కేకేసినంత పని చేశాడు. "గొంతులో ఏమీ పొయ్యొద్దు బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోద్ది! మేత తీసెయ్యండి. ముందు డాక్టర్ని పిలవండి."

డాక్టరు దొరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. డొక్క మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. గుర్రం కడుపులో ఎప్పుడూ గుడగుడ ఉండాలట, నిశ్శబ్దంగా ఉంటేనే భయమట. ఇంజెక్షన్ చేశారు, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. బావ దాని మెడ పట్టుకుని ఏడుస్తూనే ఉన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు లద్దె వేసింది. లద్దె చూసి ముగ్గురు మనుషులు కావలించుకోవడం నేను మళ్లీ చూడను.

ఆదివారం పెద్దాయన వచ్చాడు. షెడ్డు వంక చూడలేదు. గుర్రం కాలెత్తి, గిట్ట అడుగున వాసన చూశాడు. "తడిలో నిలబెట్టారు, కుళ్లు మొదలైంది" అన్నాడు. మన నల్లమట్టి వానకి ఎలా అవుతుందో తెలుసుగా. తర్వాత బావని అడిగాడు: "మధ్యాహ్నం దీని దగ్గర ఎవరుంటారు బాబూ? తోడు ఇంకో జంతువుందా? ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుంది. సరే, బుడమేరు వస్తే ఎక్కడికి తోలుకెళ్తావ్?"

ఆఖరిదానికి బావ దగ్గర సమాధానం లేదు. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునిగినప్పుడు బైకుని నలుగురం పట్టుకుని మేడ మీదికి ఎక్కించాం. గుర్రాన్ని?

మెసేజ్ పెట్టిన ముగ్గురికీ చెప్పేదిది. స్థలం గురించి కాదు, ముందు ఆ మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి. కార్పొరేషన్‌లోనూ కాలనీ అసోసియేషన్‌లోనూ రాతపూర్వకంగా అడగండి. లద్దె రోజుకు పది కిలోలు దాటుతుంది, దాని వెనకే ఈగలు, ఈగల వెనకే పక్కింటివాళ్లు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ఆ పని తెలిసినవాళ్లు దొరకడమే కష్టం. కొనేముందు గ్లాండర్స్ పరీక్ష అడగండి, ఆ జబ్బు మనుషులకూ అంటుకుంటుంది. ధనుర్వాతం టీకా తప్పనిసరి. పొట్టి తాడుతో గంటలకొద్దీ కట్టేసి ఉంచితే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద అది నేరం. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, 1962 నంబరుంది. కానీ అర్ధరాత్రి మీ వీధికి వచ్చి గుర్రాన్ని చూసే డాక్టరు ఎవరో కొనకముందే కనుక్కోండి. అన్నిటికంటే ముందు ఒక లెక్క వేసుకోండి: కారు లోను ఏడేళ్లలో తీరిపోతుంది, గుర్రం పాతికేళ్లు బతుకుతుంది.

బావ గుర్రం ఇప్పుడు పెద్దాయన దగ్గర మరో రెండు గుర్రాలతో ఉంది. దాణా ఖర్చు నెలనెలా బావే పంపుతున్నాడు. ఆదివారాలు వెళ్లి గిట్టలు శుభ్రం చేసి, మాలీసు చేసి, ఏటిగట్టు దాకా నడిపించి వస్తాడు. రీల్స్ మానేశాడు. షెడ్డు దగ్గర మిగిలిన లద్దె ఎరువులో అక్క పొట్లపాదు పెట్టింది. కాయలు రేకుల మీంచి వేలాడుతున్నాయి, పోయిన వారం మా ఇంటికీ నాలుగు వచ్చాయి.